నాలుగో నిమిషం దాటేదాకా

శృంగవరపుకోట బస్టాండు వెనక వీధిలో అనూరాధ నడిపే నెట్ సెంటర్లో పొద్దున్న తొమ్మిదింటికే బల్ల మీద ఆధార్ కార్డులు కుప్పపడతాయి. రేషను కార్డుకి ఈకేవైసీ, పింఛను దరఖాస్తు, కుల ధ్రువపత్రం, కాలేజీ కౌన్సెలింగు. కొండ ఊళ్ళ నుంచి దిగివచ్చిన ముసలమ్మల వేలిముద్రలు మిషను ఓ పట్టాన తీసుకోదు. చింతపండు వలిచీ, చీపుళ్ళు కట్టీ అరిగిపోయిన వేళ్ళవి. వాటిని తడిగుడ్డతో తుడిచి, పెట్టించి, మళ్ళీ తుడిచి, మళ్ళీ పెట్టించి, మధ్యాహ్నం రెండయ్యేసరికి అనూరాధకి నోరు విప్పే ఓపిక కూడా ఉండదు.

ఆ సెంటరు ఆమె పెట్టింది కాదు. ఆమె భర్త సీతారామారావు పద్దెనిమిదేళ్ళ కిందట పెట్టాడు. తాతల నాటి కిరాణా కొట్టుని అన్నదమ్ములకి వదిలేసి ఆరు కంప్యూటర్లు తెచ్చుకున్నాడు. ఆ రోజుల్లో సాయంత్రమైతే కాలేజీ కుర్రాళ్ళతో కుర్చీలు నిండిపోయేవి. వాళ్ళంతా ఆడే ఆటకి ఇంగ్లీషులో ఏదో పేరుండేది గాని, సెంటర్లో దాన్ని రాజ్యాల ఆట అనేవారు. మొదట్లో ప్రతివాడికీ ఒక చిన్న ఊరు, నలుగురైదుగురు కూలీలు ఉంటారు. ఆ కూలీలతో తిండీ కలపా కూడబెట్టి, ఇళ్ళు కట్టి, సైన్యాన్ని తయారుచేసుకుని, ఎదుటివాడి ఊరిని పడగొట్టాలి. చదరంగంలోలాగా నీ ఎత్తు, నా ఎత్తు అని ఉండదు. గడియారం నడుస్తూనే ఉంటుంది, ఇద్దరూ ఒక్కసారే ఆడుతూ ఉంటారు. అందులో సీతారామారావుకి ఎదురు లేదని కొత్తవలస దాకా పేరుండేది.

రెండేళ్ళ కిందట, కార్తీకమాసంలో ఒక పొద్దున్న గెడ్డం గీసుకుంటూ ఉండగా ఆయన చేతిలోంచి రేజరు జారి పడిపోయింది. వంగి తీయబోయి మనిషే ఒరిగిపోయాడు. పక్షవాతం. మూతి ఒక పక్కకి లాగేసింది, కుడికాలు, కుడిచెయ్యి పడిపోయాయి. నెల తిరిగేసరికి కాలు ఈడుస్తూ నడిచాడు, మాట కొంచెం ముద్దగానైనా తిరిగొచ్చింది. చెయ్యి మాత్రం సరిగా రాలేదు. అప్పటిదాకా ఇల్లు చూసుకుంటూ వచ్చిన అనూరాధ మూడు వారాల్లో సెంటరు పని నేర్చుకుంది. నేర్చుకోక తప్పలేదు. కూతురు విజయనగరం హాస్టల్లో ఉండి చదువుకుంటోంది, ఇంట్లో ఇంకెవరూ లేరు.

వారానికి రెండుసార్లు సుహాసిని అనే ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి ఆయన చెయ్యి ఆడించేది. రబ్బరు బంతి పిసకమనేది, పళ్ళెంలో బఠాణీలు పోసి ఒక్కొక్కటే ఏరమనేది. ఒకరోజు సీతారామారావు పళ్ళాన్ని అవతలికి నెట్టేశాడు. బఠాణీలు గదంతా దొర్లాయి.

"నేనేటి, సంటోడినా?" అన్నాడు.

సుహాసిని వాటిని ఏరి, వెళ్ళేటప్పుడు సెంటర్లో ఆగింది. "అమ్మా, ఆయనకి ఇష్టమైన పని ఏదైనా ఆ చేత్తో సేయించండి. మౌస్ పట్టుకుంటారేటో సూడండి" అంది.

ఆ విధంగా పాత ఆట మళ్ళీ మొదలైంది. కంప్యూటరుతో రెండు రోజులు ఆడి ఆయన విసుక్కున్నాడు. మిషనుతో ఆడితే ఏముంటుంది, ఎదురుగా మనిషుండాలి అన్నాడు. ఆ మనిషి ఎక్కణ్ణుంచి వస్తాడు? పాత కుర్రాళ్ళంతా ఉద్యోగాల్లో పడ్డారు, ఇప్పటివాళ్ళకి ఫోన్లున్నాయి. మధ్యాహ్నం రెండు నుంచి మూడున్నర దాకా సెంటరు మూస్తారు. అన్నం తిన్నాక ఆ గంటన్నరా కాసేపు నడుం వాల్చడం అనూరాధకి అలవాటు. ఆ గంటన్నరలోనే ఆయన ఎదురు మిషను ముందు కూర్చోవడం మొదలుపెట్టింది.

ఆమెకి ఆట రాదు. గొర్రెల్ని ఊళ్ళోకి తోలుకొచ్చి, ఇద్దరు కూలీల్ని చెట్లు కొట్టడానికి పంపి, ఒక ఇల్లు కట్టేలోపల ఈటెలు పట్టుకున్న ఆరుగురు ఊళ్ళో దిగేవారు. అప్పటికి గడియారంలో నాలుగు నిమిషాలు. వాళ్ళు చెట్ల దగ్గరివాణ్ణి పొడిచి, గొర్రెల దగ్గరివాణ్ణి పొడిచి, ఇంటికి నిప్పు పెట్టేవారు. ఏ మీట నొక్కాలో ఆమె వెతుక్కుంటూ ఉండగానే ఆట అయిపోయేది.

మొదటిరోజు ఆమె ఓడిపోతే ఆయన నవ్వాడు. జబ్బు చేశాక ఎనిమిది నెలలకి నవ్వడం అదే మొదలు. నవ్వు కూడా ఒక పక్కకే వచ్చింది. ఆ రాత్రికి ఆయనకిష్టమని ఆమె గుమ్మడికాయ పులుసు పెట్టింది. నెలా పదిహేను రోజులు గడిచాక ఆ నవ్వు చూసినా ఆమెకి ఏమీ అనిపించడం మానేసింది. పొద్దుటినుంచి అందరికీ సమాధానాలు చెప్పి, మధ్యాహ్నం నాలుగు నిమిషాలకొకసారి ఓడిపోవాలి. ఒకసారి ఓడితే సరిపోదు, ఆయన "మళ్ళీ" అనేవాడు. రోజుకి పది పన్నెండుసార్లు ఆమె ఊరు తగలబడేది. కళ్ళు మండేవి. సాయంత్రం దరఖాస్తుల్లో పుట్టినతేదీలు తప్పు కొట్టేది.

ఒకనాడు నాగబాబు వచ్చాడు. సీతారామారావుతో ఆడిన పాత జట్టులోవాడే, ఇప్పుడు లక్కవరపుకోట దగ్గర బళ్ళో లెక్కల మాస్టారు. ప్రశ్నపత్రాలు జెరాక్సు తీయించుకుంటూ, "అన్నియ్య మళ్ళీ ఆడతన్నాడట కదా వొదినా" అన్నాడు.

"ఆయన ఆడతన్నారు. నేను సస్తన్నాను" అంది అనూరాధ.

విషయమంతా విని నాగబాబు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "ఆట మొదలవ్వగానే మీరేటి సేత్తారు?"

"గొర్రెల్ని తోలిస్తాను. చెట్లు కొట్టిస్తాను."

"అన్నియ్య ఏటి సేత్తన్నాడో సూత్తారా?"

"నా పనే నాకు తెమలదు బాబూ."

"అక్కడే పోతన్నాది. మొదటి నిమిషంలోనే ఒక మనిషిని అతని ఊరికేసి పంపండి. దూరం నుంచి సూసి రమ్మనండి. అక్కడ కూలీలు తక్కువున్నారు, సైనికుల పాక అప్పుడే లేసిందీ అంటే మీ మీదకి బేగి వచ్చేత్తన్నాడని అర్థం. అది తెలిసేక ఇంక పొలాలూ అవీ పెట్టుకోకండి. ముందు మీరూ ఒక పాక ఏసి ముగ్గురు ఈటెలోళ్ళని దించండి."

"వచ్చేది ఆరుగురు కదా. ముగ్గురేటి సేస్తారు?"

నాగబాబు జెరాక్సు కాగితం ఒకటి తిరగేసి గీత గీశాడు. "మీ ఊళ్ళోకి వచ్చే దారికి అడ్డంగా ఇళ్ళు కట్టండి. ఎలాగూ ఇళ్ళు కావాలి కదా, అవేవో అక్కడే కట్టండి. ఒక మనిషి పట్టే సందు ఒగ్గి, ఆ సందులో మీవోళ్ళని నిలబెట్టండి. ఆరుగురొచ్చినా ఒక్కొక్కడే దూరాల. కూలీల్ని సెల్లాసెదురుగా ఒగ్గేయకండి, గంట మీట నొక్కితే అందరూ ఊరి మధ్య ఇంట్లో దూరిపోతారు. అతను వెనక్కి పోతే ఎంటపడొద్దు. నాలుగో నిమిషం దాటితే సాలు. ఉన్నదంతా ఆ ఆరుగురి మీదే పెట్టేత్తాడు కాబట్టి, వాళ్ళు పోయేక అతని దగ్గర ఇంకేటీ ఉండదు."

కాగితాలు సర్దుకుని లేస్తూ, "అప్పట్లో అన్నియ్య ఇలా వచ్చీవోడు కాదు వొదినా. గంట, గంటన్నర కూకుని మెల్లగా మింగీవోడు. ఇప్పుడెందుకో మరి" అన్నాడు. ఏదో తోచినట్టు ఆగి, ఇంకేమీ అనకుండా వెళ్ళిపోయాడు.

నాగబాబు చెప్పినదంతా ఒక్కరోజులో ఆమెకి చేతకాలేదు. చూడ్డానికి పంపినవాణ్ణి మరీ దగ్గరికి పోనిచ్చి చంపించుకుంది. మర్నాడు ఇళ్ళు కట్టింది గాని పక్కన చెట్ల మధ్య దారి చూసుకోలేదు. ఇంకోరోజు గంట నొక్కి కూలీలందర్నీ దాచేసి మళ్ళీ బయటికి పంపడం మర్చిపోయింది, తిండి లేక ఊరు ఎండిపోయింది. పదిరోజులు పట్టింది.

పదకొండోరోజు ఆమె పంపిన మనిషి సైనికుల పాకని చూశాడు. ఆమె మూడిళ్ళు కట్టి, సందు వదిలి, ముగ్గుర్ని నిలబెట్టి, గంట నొక్కింది. ఆరుగురూ వచ్చి ఆ సందు దగ్గర తోసుకున్నారు. ముందువాడు పడ్డాడు, వెనకవాడు పడ్డాడు. గడియారంలో ఐదు నిమిషాలైంది. ఆమె కూలీలు ఒక్కరూ పోకుండా బయటికి వచ్చి మళ్ళీ పనిలోకి దిగారు. ఆమె కుర్చీలో ముందుకి జరిగింది.

ఆయన ఇంకో ఇద్దర్ని పంపాడు, వాళ్ళూ పోయారు. ఆరో నిమిషంలో ఆమె తలెత్తి చూసింది. ఆయన ఎడంచేత్తో కుడిచేతి మణికట్టు పట్టుకుని మౌస్ మీద నిలబెడుతున్నాడు. వేళ్ళు ముడుచుకుపోతున్నాయి. నుదుటి నిండా చెమట. నాగబాబు మధ్యలో ఆగిపోయిన మాట ఏమిటో అప్పుడామెకి తెలిసింది. ఆమె సైనికుల్ని పంపలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"రావేటి?" అన్నాడాయన.

"కరెంటు పోయేలా ఉందండి" అని ఆట కట్టేసింది.

మర్నాడు ఆమె ఇళ్ళు కట్టలేదు. నాలుగో నిమిషంలో ఆరుగురూ వచ్చారు, ఊరు తగలబడింది. సీతారామారావు నవ్వలేదు.

"ఇళ్ళు ఎందుకు కట్టలేదు?"

"మర్చిపోయేను."

"నిన్న కట్టేవు. అంత బాగా కట్టేవు."

ఆయన మౌస్‌ని బల్ల అంచుకి తోసేసి, కాలీడ్చుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు. నాలుగు రోజులు మిషను దగ్గరికి రాలేదు. సుహాసిని వస్తే చెయ్యి ఇవ్వలేదు.

ఐదోరోజు మధ్యాహ్నం అన్నం కలిపి పెడుతుంటే ఆయనే అన్నాడు. "బస్సెక్కితే సీటిచ్చేత్తారు. అన్నదమ్ములు మాట మధ్యలో అందించేత్తారు. నువ్వు ఆటలో కూడా ఒగ్గేసేవు."

అనూరాధకి కోపం రాలేదు. కోపానికి కూడా కొంత బలం కావాలి. కంచం కింద పెట్టి మెల్లగా చెప్పింది.

"నాకు ఓపిక లేదండి. గెలిస్తే మీరేటవుతారోనని భయం. రోజూ ఓడిపోడానికి శక్తి లేదు. పొద్దున్న తొమ్మిదింటినుంచి ఆ బల్ల దగ్గర కూకుంటే నాకు మధ్యాన్నం కాసేపు పడుకోవాలనుంటాది. అంతే. ఇంకేటీ లేదు."

ఆయన చాలాసేపు ఆమె మొహంలోకి చూశాడు. కళ్ళకింద నల్లటి చారల్ని అప్పుడే చూస్తున్నట్టు చూశాడు.

"ముందే సెప్పొచ్చు కదా" అన్నాడు.

"మీరు నవ్వుతున్నారని సెప్పలేదు."

ఆయన ముడుచుకున్న వేళ్ళని ఎడంచేత్తో ఒక్కొక్కటే విప్పుకుంటూ, "నాకు ఒక్క పట్టున నాలుగు నిమిషాలే సెయ్యి నిలుస్తాది అనూ. తర్వాత ఏళ్ళు లాగేస్తాయి. అందికే బేగి వచ్చేత్తన్నాను. నువ్వు ఆ ఆరుగుర్నీ ఆపేసేక ఏటి సెయ్యాలో నాకు తెలీలేదు" అన్నాడు. కంచం పక్కకి జరిపి, "ఈవేళ ఆట వొద్దు. తొంగో" అన్నాడు.

ఆమె మిషన్ల మధ్య చాప పరుచుకుని పడుకుంది. పొద్దుటి వేలిముద్రల మిషను ఎర్రదీపం కళ్ళముందు కదుల్తూ ఉండగానే నిద్ర పట్టేసింది. ఎవరో వచ్చి తలుపు కొడితే, "మూడున్నరకి రండి" అని ఆయన ముద్దమాటతో చెప్పడం నిద్రలోనే వినిపించింది.

అప్పటినుంచి ఆట వారానికి రెండురోజులకి తగ్గింది. సుహాసిని సలహా మీద ఆయన మౌస్‌ని ఎడంచేతికి మార్చి, కుడిచేత్తో రెండు మూడు మీటలు మాత్రం నొక్కడం అలవాటు చేసుకున్నాడు. ఎడంచెయ్యి కొత్త కాబట్టి మొదట్లో తన ఊరినే సరిగ్గా చూసుకోలేకపోయేవాడు. ఒకరోజు అనూరాధ ఊరిచుట్టూ ఇళ్ళు కట్టి, చూసిరావడానికి మనిషిని పంపి, ఆయన ఇంకా తయారవకముందే తన సైనికుల్ని పంపింది. ఆయన గంట కొట్టుకోవడం మర్చిపోయి ఓడిపోయాడు. వెళ్ళి మొహం కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. ఆర్నెల్లకి ఒక ఆట నలభై నిమిషాలు సాగింది. ఎవరు గెలిచారో తేలకముందే సెంటరు తెరిచే వేళయింది.

పొద్దుటి పూట ఆయన ఇప్పుడు బల్ల దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళకి వరస చీటీలిస్తాడు, తడిగుడ్డతో ముసలమ్మల వేళ్ళు తుడుస్తాడు. కుడిచెయ్యి పూర్తిగా రాదని డాక్టరు చెప్పేశాడు. అనూరాధకి ఆ ఆట అంటే ఇప్పటికీ పెద్ద ఇష్టం లేదు. వారానికి నాలుగు మధ్యాహ్నాలు పడుకుంటుంది. మిగతా రెండురోజులూ, కళ్ళు మూతలు పడుతున్నా, మొదటి నిమిషంలోనే ఒక మనిషిని ఆయన ఊరికేసి పంపి చూసి రమ్మంటుంది.