గైడు గారి ఊఁ

"ఇన్నావా బావా, మన గైడు గారు పోనారు." గోపాలపట్నం బస్టాపులో, నాతోపాటు పరిశోధన చేసిన మిత్రుడు చెప్పాడు. ఎక్కవలసిన బస్సు ఎక్కకుండా అక్కడే నిలబడిపోయాను. ఆయన దగ్గర డాక్టరేటు తెచ్చుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆయనకు అబద్ధం చెప్పి తెచ్చుకున్నవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే.

స్టీలు ప్లాంటుకు ఇంకా పునాదులు తవ్వుతున్న రోజులవి. సముద్రంలో పోయినవాళ్ళ గురించి జాలర్లు చెప్పుకునే కథలు నా అంశం. గైడు గారిది గోదావరి జిల్లా. నోట్సు చీటీలకు కొత్త కాగితం వాడనిచ్చేవారు కాదు. పాత శుభలేఖలు కత్తిరించి, వెనకవైపు రాయించేవారు. నా చీటీల్లో ఒక పక్క మునిగిపోయినవాడి కథ, రెండో పక్క ఎవరిదో సుముహూర్తం.

అధ్యాయం తీసుకెళితే ఆయన చదివేవారు కాదు, నా చేత చదివించుకునేవారు. పేము కుర్చీలో కళ్ళు మూసుకుని వాక్యానికో "ఊఁ" అనేవారు. ఊఁ రాలేదంటే ఆ వాక్యంలో ఏదో తేడా ఉన్నట్టే. "విన్నది రాయవోయ్. నచ్చింది రాసుకోడానికి నువ్వేం కవివి కాదు" అనేవారు. ఒకసారి పేజీ మొత్తానికీ ఊఁ రాకపోతే, నిద్రపోయారేమోనని ఆగాను. "మెలకువగానే ఉన్నాను. మళ్ళీ రాసుకురా" అన్నారు.

టేపురికార్డరు ఇస్తూ ఆయన పెట్టిన నియమం ఒక్కటే. "టేపు తిరుగుతుంటే నీ గొంతు వినపడకూడదు."

ఫిషింగ్ హార్బర్లో, ఐసు ఫ్యాక్టరీ గోడ నీడన వల బాగుచేసుకుంటున్న ఒక ముసలాయన, తెప్ప తిరగబడి తన తమ్ముడు పోయిన కథ మొదలుపెట్టాడు. రెండు మాటలు చెప్పి ఆగాడు.

"ఏటి బాబూ, ఊ కొట్టవేటి? ఊ కొట్టకపోతే కతెలాగ నడుత్తాది?"

నేను టేపురికార్డరు చూపించి, నోటి మీద వేలు పెట్టుకున్నాను. ఆయన నవ్వాడు. నన్ను వదిలేసి, తన పక్కనున్న ఖాళీ జాగా వైపు తిరిగి చెప్పుకుపోయాడు. చుట్టుపక్కల ఇంకెవరూ లేరు.

సాయంత్రం హాస్టల్లో టేపు పెట్టాను. ముసలాయన ఆగిన ప్రతిచోటా "ఊఁ" అని వినిపించింది. పడుచు గొంతు. నాది కాదు. మర్నాడే పరుగెత్తి, ఊ కొట్టిందెవరని అడిగాను.

"ఇంకెవుడు, మా తమ్ముడే" అన్నాడు, వల మీంచి తల ఎత్తకుండా. "ఆడు ఇనకపోతే నానెవులికి సెప్తాను?"

భయమేసింది. కానీ అంతకన్నా ఎక్కువ భయం థీసిసు గురించి వేసింది. గడువు ఇంకో నెలే ఉంది. ఉన్నదున్నట్టు రాస్తే పరీక్షకులు నవ్వుతారు. ఆ కథ తీసేస్తే అధ్యాయమే లేదు. కథ ఉంచి, ఊఁలు తీసేశాను.

గైడు గారు టేపు తెప్పించుకుని మరీ విన్నారు.

"ఈ ఊఁ ఎవరిదోయ్?"

"నాదే సార్. పొరపాటున అనేశాను. అందుకే రాతలో తీసేశాను."

ఆయన ఊఁ అనలేదు. సంతకం మాత్రం పెట్టారు. వైవా అయ్యాక మెట్లు దిగుతూ, "నిన్ను ఊ కొట్టొద్దనడం నా తప్పోయ్. చెప్పేవాడికి ఎవరో ఒకరు ఉండాలి కదా" అని నా మొహంలోకి చూశారు. అప్పుడైనా చెప్పవలసింది. నాకు ఉద్యోగం వచ్చినప్పుడు నాకన్నా ఆయనే ఎక్కువ సంబరపడ్డారు. ఆ సంబరం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

ఆయన గురించి ఇంతవరకూ రాసిన ఈ కాగితాలు పట్టుకుని నిన్న మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. అచ్చుకిచ్చే ముందు ఆయన గదిలో ఒకసారి చదవాలనిపించింది. గైడు గారి భార్య తలుపు తీసి, టీ పెడతానని వంటింట్లోకి వెళ్ళారు. పేము కుర్చీ ఎదురుగా నిలబడి చదివాను. అలవాటు కొద్దీ ప్రతి వాక్యం చివరా ఆగాను. ఏమీ లేదు. చివరికి కాగితాలు దించేసి, "అది నా గొంతు కాదు సార్" అన్నాను.

విన్నది రాయమన్నారు కనుక రాస్తున్నాను.

"ఊఁ."

అమ్మగారు ట్రేలో రెండు గ్లాసుల టీతో వచ్చారు. "ఎవరో ఊ కొడుతున్నట్టు వినపడితే, ఇంకెవరైనా వచ్చారేమో అనుకున్నాను నాయనా" అన్నారు. గదంతా చూసి, ఒక గ్లాసు నాకిచ్చారు. రెండోది కాసేపు చేతిలోనే పట్టుకుని, పేము కుర్చీ పక్కనున్న స్టూలు మీద పెట్టారు.