రాజుగారి ఆరు సమోసాలు

ఒక నాటకాన్ని ముంచాలంటే వాన, కరెంటు కోత, మతిమరుపు నటులు అందరూ కలిసి రావాలనుకునేదాన్ని. అక్కర్లేదు. నోరు పెగలని ఒక అమ్మాయి, ఆమె నోట్‌బుక్కు చాలు. ఆ అమ్మాయిని నేనే.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీ కుర్రకారులో తెలుగు చదవడం, రాయడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కావడంతో ఉగాది నాటకం నా నెత్తిన పడింది. కథ చిన్నది. దేవుడి విగ్రహానికి తన ముఖం చెక్కమంటాడు రాజు. చెక్కనని, ఉలి కింద పెట్టి వెళ్ళిపోతాడు శిల్పి. ఆ ఒక్క ‘చెక్కను’ కోసమే నాటకమంతా రాశాను. జన్మలో నేనెవరికీ కాదని చెప్పలేను, కనీసం శిల్పయినా చెబుతాడని.

రాజు వేషం మా కాలనీ తెలుగు సంఘం ప్రెసిడెంటు సింహాచలం గారిది. హాలు ఇప్పించింది ఆయనే, మైకు తెచ్చింది ఆయనే. కిరీటం కూడా ఆయన తల కొలతకే చేయించారు. రిహార్సల్లో చివరి సీను వినగానే ఆయన చేతిలో సమోసా ఆగిపోయింది.

“ఏటమ్మా ఇది? అంతమంది ముందు రాజుని కాదంటాడేటి? కాళ్ళ మీద పడాల. తప్పయిపోయింది ప్రభూ, అనాల.”

“అలా అయితే నాటకమే...”

“ఏటీ?”

“సరేనండి.”

చూశారుగా! నెల్లాళ్ళ కష్టం, నాలుగక్షరాల్లో సరి.

ఇంటికొచ్చి పళ్ళు నూరుకుంటూ కొత్త ముగింపు రాశాను. అత్త మీద కోపం దుత్త మీద, ప్రెసిడెంటు మీద కోపం డైరీ మీద. ఆయన ముఖాన అనలేని జవాబంతా అందులో కక్కేశాను. నా డైరీ, నాటకం ఒకే నోట్‌బుక్కులో, వెనకా ముందూ పేజీల్లో ఉండేవి. నా తెలివి గమనించండి.

శిల్పి వేషం మా నాన్నతో డీజిల్ షెడ్‌లో పనిచేసే రవిది. ఇంట్లో తెలుగే మాట్లాడతాడు గానీ ఒక్క అక్షరం చదవలేడు. “డైలాగులు యాద్ ఉండవు దీదీ. మీరు వెనకనుంచి చెప్పండి, నేను బోలేస్తాను” అన్నాడు. ఉగాది రోజు అన్నట్టే చేశాడు. స్టేజీ భయంతో వినడం, అనడం తప్ప మధ్యలో ఆలోచన అనే స్టేషన్లో ఆగలేదు.

శిల్పి కాళ్ళ మీద పడే ఘట్టం వచ్చింది. రాజు కాలు కాస్త ముందుకు చాపి సిద్ధంగా ఉన్నారు. సరిగ్గా అప్పుడే తెర పక్కనున్న స్టాండు ఫ్యాన్ నా పేజీ తిప్పేసింది. నేను చూసుకోలేదు. కనబడింది చదివాను.

“అయ్యా, కళ గురించి మీకేం తెలుసు?”

రవి అందుకున్నాడు. బాగానే ఉందే, ఇంత మంచి డైలాగు ఎప్పుడు రాశానా అని మురిసిపోయాను కూడా.

“మీరు చెప్పినట్టల్లా మార్చడానికి ఇది నాటకం, మీ ఇంటి పెరడు కాదు!”

చప్పట్లు మోగాయి. ఆ ఊపులో తరువాతి వాక్యమూ అందించాను. అందించాక గానీ నాకు అర్థం కాలేదు. రవికి అప్పటికీ కాలేదు. ఉలి ఎత్తి, ఛాతీ విరిచి, మైకు అదిరేలా పలికాడు.

“అందరికీ తెచ్చిన సమోసాల్లో ఆరు మీరొక్కరే తిన్నారు!”

రాజు కిరీటం సర్దుకుని గర్జించారు.

“ఆరెక్కడివిరా? నాలుగే తిన్నాను!”

నవ్వులకు రేకుల కప్పు లేచిపోతుందనుకున్నాను. నేను నోట్‌బుక్కు ముఖానికి అడ్డం పెట్టుకుని కూలబడ్డాను. మాట అందించేవాళ్ళు లేక, ఏం చేయాలో తోచక, రవి ఉలి కింద పెట్టి వెళ్ళిపోయాడు. అచ్చంగా నా మొదటి ముగింపు!

తెర పడగానే సింహాచలం గారు వచ్చారు. నేను నేల చూపులు చూస్తున్నాను.

“అచ్ఛా... సప్పట్లన్నీ ఆడికే కొట్టారేటమ్మా? వచ్చే ఏడు శిల్పి వేషం నాది.” రెండడుగులు వేసి వెనక్కి తిరిగారు. “కిరీటం మాత్రం ఉండాల.”

“సరేనండి.”

ఆనాడే డైరీ మీద చెయ్యేసి ప్రమాణం చేశాను: ఇకపై డైరీ వేరు, నాటకం వేరు, రెండూ ఒక అట్టల మధ్య కాపురం చేయవు. ‘సరేనండి’ అని మళ్ళీ అనను, అని కూడా రాయబోయాను. డైరీలో అబద్ధాలు రాయకూడదని ఆగిపోయాను.