చేతులకు పాఠం చెప్పిన సారు

మా డ్రిల్లు సారు పోయారని మొన్న పొద్దున ఆళ్లగడ్డ నుంచి ఫోను. నంద్యాలలో నేను ఈత నేర్పే స్విమ్మింగ్ పూల్ గట్టు మీద ఉన్నాను. పిల్లలను పంపించేసి, ఒక్కదాన్నే కూర్చుని బాగా ఏడ్చాను.

ఆయన మెడలో ఈల, నోట్లో తిట్టు ఎప్పుడూ ఉండేవి. తిట్టిన వెంటనే జేబులోంచి వేయించిన శెనక్కాయలు తీసి, తిట్లతో కడుపు నిండదు గదా, తినండి అనేవారు.

ఊరి బయట ఒక రైతు బావిలో మాకు ఈత నేర్పారు. ముందు దండీలు తీయాలి. మగపిల్లలు పూర్తిగా తీయాలి, మేము మోకాళ్లు నేలకు ఆనించి. ఆడపిల్లల చేతులకు అంతే చాలనేది ఆయన నమ్మకం. మాకూ హాయిగానే ఉండేది, అబద్ధమెందుకు.

తొమ్మిదో తరగతిలో నంద్యాలలో దూరపు ఈత పోటీ. గెలవకపోతే ఈత మానేయాలని నాయన ముందే చెప్పేశాడు. సగం దాకా నేనే ముందు. ఆ తర్వాత ఊపిరి ఉంది, కాళ్లు ఆడుతున్నాయి, చేతులు మాత్రం లేవలేదు. నాలుగోదాన్నయ్యాను.

తిరుగు బస్సులో నేను ఏడుస్తూనే ఉన్నాను. శిరివెళ్ల దాటాక సారు నా వైపు తిరిగారు.

"తప్పు నాది పాపా. మగపిల్లోళ్ల చేతుల్లో కండ ఎక్కువే, కాదన్ను. నీది యాడిదాకా పెరుగుతాదో నేను సూడనే లేదు. నేర్పకుండానే తక్కువనేసినా."

పిల్లల ముందు తప్పు ఒప్పుకునే సారును అంతవరకు నేను చూడలేదు. బస్సు దిగి నేరుగా మా ఇంటికొచ్చి, ఓడింది పాప కాదు, నేనని నాయనకు చెప్పి, ఇంకొక్క ఏడాది అడిగారు. నాయన మెత్తబడ్డాడు.

మరునాడే మోకాళ్లు లేపమన్నారు. మొదటి దండీకే నా మూతి మట్టిలో పడింది. యాభై దాటిన ఆయన మా పక్కనే దండీలు తీసేవారు, తిట్లు మాత్రం మానలేదు. ఏడాదికి నాకు ఇరవై వచ్చాయి. మగపిల్లలకు నలభై. ఆ తేడా పోలేదు. బావిలో గంటసేపు ఈదితే మాత్రం వాళ్లకు మూరెడంటే మూరెడే వెనక ఉండేదాన్ని. ఆ ఏటి పోటీ గెలిచాను.

పోయిన నెల చూడబోతే, పక్షవాతంతో మంచం మీదున్నారు. ఎండలో కూర్చోవాలని ఉందన్నారు. ఎత్తడానికి పక్కింటి మగపిల్లలను పిలుస్తానని ఆయన భార్య లేచింది. నేను వద్దన్నాను. వంగి ఆయన వీపు కింద చేతులు పెట్టాను.

"నడుముతో ఎత్తొద్దు పాపా. మోకాళ్లు వంచు."

ఆ స్థితిలోనూ దిద్దడం మానలేదు మహానుభావుడు. చెప్పినట్టే ఎత్తాను. ఎంత తేలికైపోయారో! వాకిట్లో కుర్చీలో కూర్చోబెట్టి లేవబోయాను. పనిచేసే చేత్తో నా జబ్బ పట్టుకుని, ఎండ ఆయన పాదాల మీదికి వచ్చేదాకా వదల్లేదు.