తగ్గిందని నేను చెప్పిన నొప్పి

సహోదరులారా, సహోదరీలారా, మూడేళ్ళ క్రితం ఈ మందిరంలోనే నిలబడి నేనొక సాక్ష్యం చెప్పాను. మీలో చాలామంది చప్పట్లు కొట్టారు, కొందరు సంతోషంతో ఏడ్చారు కూడా. ఆ సాక్ష్యం నిజం కాదు. దాన్ని సరిదిద్దుకోవడానికే మన పాస్టరు అయ్యగారిని అడిగి ఈ కొద్ది సమయం తీసుకున్నాను.

నా పేరు గ్రేస్ కుమారి. మాది చిలకలగూడ. హైస్కూల్లో లెక్కలు చెబుతాను, ఆదివారాలు ఇక్కడ సండేస్కూలు పిల్లలకు కథలు చెబుతాను. ఒక వానాకాలం సాయంత్రం బడి నుంచి వస్తూ బస్సు దిగబోయి జారి, కుడి అరచేతి మీద పడ్డాను. మణికట్టు దగ్గర ఎముక విరిగింది. ఆరు వారాలు కట్టు ఉంచారు, తర్వాత విప్పి ఎక్స్‌రే తీసి ఎముక చక్కగా అతుక్కుందన్నారు. అక్కడితో అయిపోవలసిన సంగతి. కానీ చేయి వాచింది, రంగు మారింది, పచ్చిమిరపకాయలు నూరిన చేతిలా మండడం మొదలైంది, ఆ మంట తగ్గకపోగా మోచేయి దాటి భుజం దాకా పాకింది. ఫ్యాను గాలి తగిలితే నొప్పి, చీర కొంగు తగిలితే నొప్పి, మా అమ్మాయి జడ వేయమని వచ్చి ఆనుకుంటే నొప్పి! జడ వేయడం మానేశాను. బోర్డు మీద రాయడం కూడా మానేసి, నేను చెబుతుంటే క్లాసు లీడరుతో రాయించేదాన్ని.

ముగ్గురు డాక్టర్లను చూశాం, తైలం పెట్టి తోమే వైద్యుణ్ణి కూడా చూశాం. చివరి డాక్టరు తప్ప అందరూ పదిహేను రోజుల్లో తగ్గుతుందనే చెప్పారు. చివరి డాక్టరు ఎక్స్‌రేను కిటికీ వెలుగులో పట్టుకుని చూసి, చేతిలో ఏమీ లేదమ్మా, అంతా మీ మనసులోనే ఉంది అన్నాడు. ఆ మాట విన్న తర్వాత ఇక ఏ డాక్టరు దగ్గరికీ వెళ్ళకూడదనుకున్నాను.

అప్పుడే మన సంఘంలో మూడు రోజుల స్వస్థత కూటములు జరిగాయి. బయటి ఊరి నుంచి వచ్చిన ఒక సువార్తికుడు నా తల మీద చేయి ఉంచి ప్రార్థించినప్పుడు, సహోదరులారా, నిజంగానే నాకు కాసేపు నొప్పి తెలియలేదు. చేయి పైకెత్తమన్నారు, ఎత్తాను. మైకు ఇచ్చారు. నొప్పి పూర్తిగా పోయిందని చెప్పాను. మందిరమంతా హల్లెలూయ అని మోగింది, నా భర్త ప్రసాదరావుగారు మోకరించి ఏడ్చారు. ఇంటికి వెళ్ళి చెప్పులు విప్పేలోపే మంట తిరిగి వచ్చింది.

ఆయనకు చెప్పాను. ఆయన, "అలా అనకు గ్రేస్. నొప్పి ఉందని నోటితో ఒప్పుకుంటే పొందిన స్వస్థత పోగొట్టుకుంటావు. విశ్వాసంతో కనిపెట్టుకుని ఉండు," అన్నారు. కఠినంగా అన్న మాట కాదది, భయపడి అన్నారు. నేనూ భయపడ్డాను. ఎనిమిది నెలలు ఆ చేతిని కొంగులో దాచుకుని తిరిగాను, ఎవరు అడిగినా దేవునికే మహిమ అన్నాను. ఆ మాట అనడానికి నాకు నోరెలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

మా బడిలో డ్రిల్ టీచరు పద్మ అని ఉంది, సీతాఫల్‌మండి మనిషి, మన సంఘం కాదు, హిందువులు. ఒక రోజు స్టాఫ్ రూములో నేను ఎడమ చేత్తో టిఫిన్ డబ్బా మూత తీయలేక అవస్థ పడుతుంటే వచ్చి, మూత తీసిపెట్టి, పక్కన కూర్చుంది.

"ఏందీ మేడం, గిట్ల ఎన్ని దినాలు దాస్తరు? మా అత్త సుత నడుము నొప్పితోని రెండేండ్లు పరేషాన్ అయింది. కార్ఖానా ఏరియాల నొప్పికే ఒక క్లినిక్ ఉంది. జెర ఒక్కసారి పోయి చూడరాదు?"

"మీ అత్తగారికి పూర్తిగా తగ్గిందా?"

"లే. అబద్ధమెందుకు చెప్పాలె? ఇంక నొస్తనే ఉంది. గానీ ఇప్పుడు మార్కెట్‌కు పోతది, వంట చేస్తది, నాతోని కొట్లాడుతది సుత."

ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు. తగ్గలేదని అంత తేలికగా చెప్పవచ్చని అప్పటిదాకా నాకు తట్టలేదు.

ఇంట్లో చెబితే ఆయన వద్దన్నారు, సంఘంలో ఏమనుకుంటారో అన్నారు, అయినా నన్ను ఒంటరిగా పంపలేక తోడు వచ్చారు. ఆ క్లినిక్‌లో డాక్టరమ్మ గంటసేపు మా మాటలు విన్నది. మనిషి బొమ్మ గీసి ఉన్న కాగితం ఇచ్చి ఎక్కడెక్కడ నొప్పో రంగు వేయమన్నది. తర్వాత నా చేతిని ముట్టుకునే ముందు, "ముట్టుకోవచ్చా?" అని అడిగింది. ఏడాదిలో అలా అడిగిన మొదటి మనిషి ఆమే.

"ఎముక అతుక్కుంది, కానీ మీ నరాలు ఇంకా దెబ్బ తగులుతున్నట్టే మెదడుకు కబురు పంపుతున్నాయి. ఇది మీ ఊహ కాదు. జబ్బే."

"తగ్గుతుందా?" అన్నాను.

"మొత్తం పోతుందని నేను మాట ఇవ్వలేను. కొంతమందికి బాగా తగ్గుతుంది, కొంతమందికి కొంచెమే. ప్రతి బుధవారం సాయంత్రం రావాలి, ఇంట్లో రోజూ కష్టపడాలి. ఇంటికెళ్ళి ఆలోచించుకోండి."

ఆ వారమంతా ఆలోచించాను. పదిహేను రోజుల్లో తగ్గిస్తామన్న వాళ్ళందరినీ నమ్మాను, వాళ్ళ వల్ల ఏమీ కాలేదు. ఈమె మాట ఇవ్వనన్నది. వెళ్ళి, అక్కడా తగ్గకపోతే, ఆ తర్వాత ఆశ పెట్టుకోవడానికి ఇంకేమీ మిగలదు కదా! పైగా బుధవారం సాయంత్రం మన స్త్రీల కూడిక. నేను ప్రతి బుధవారం రాకపోతే ఎందుకని అడుగుతారు. చికిత్సకు ఒప్పుకోవాలంటే అబద్ధం బయటపెట్టాలి, ఇక వేరే దారి లేదు. అప్పుడు చేసుకున్న ప్రార్థన నాకు బాగా గుర్తుంది. "ప్రభువా, నీ పేరు కాపాడుతున్నాననుకుంటూ నా పరువు కాపాడుకున్నాను. ఈ చేయి ఏమైనా సరే, ముందు నా నోరు బాగుచేయి." అంతే.

మర్నాడు అయ్యగారి ఇంటికి వెళ్ళి అంతా చెప్పాను. ఆయన అన్న మాట ఇది.

"నాకు తెలుసమ్మా. ప్రభువు బల్ల దగ్గర ద్రాక్షారసం గిన్నె ఎడమ చేత్తో అందుకుంటున్నావు. చూస్తూనే ఉన్నాను."

"మరి అడగలేదేం అయ్యగారూ?"

"మా సంఘంలో స్వస్థత జరిగిందని నేనూ నలుగురికీ చెప్పుకున్నాను. అడిగితే ఆ మాట నేనూ వెనక్కి తీసుకోవాలి." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "తప్పు నీ ఒక్కదానిదే కాదు. బుధవారం క్లినిక్‌కు వెళ్ళు. సంఘానికి చెప్పడానికి ధైర్యం వచ్చిన రోజు చెబుదువుగాని. నేను పక్కన నిలబడతాను."

ఈ సంగతి కూడా చెప్పమని అయ్యగారే నాతో అన్నారు, అందుకే చెబుతున్నాను.

బుధవారం క్లినిక్‌కు వెళ్ళాను. స్త్రీల కూడికలో అడిగినవాళ్ళకు చికిత్సకు వెళ్తున్నానని మాత్రం చెప్పాను, ఇక్కడ నిలబడి అంతా చెప్పే ధైర్యం ఈ రోజుకు గాని రాలేదు. అద్దం వెనుక నొప్పి చేతిని దాచి, అద్దంలో మంచి చేయి కదులుతుంటే చూడమన్నారు. అదేం వైద్యమో అనుకున్నాను గానీ చేశాను. మెడ దగ్గర నరానికి సూదులు వేశారు. ఇంట్లో రోజూ చేతిని దూదితో రాసి, తర్వాత తువ్వాలుతో రాసి, తర్వాత బియ్యంలో పెట్టి, తాకిడికి అలవాటు చేయమన్నారు. నేను బడికి వెళ్ళే ముందు ప్రసాదరావుగారు నా పక్కన కూర్చుని దూదితో మెల్లగా రాసేవారు, నేను ఏడిస్తే ఆపేవారు, మళ్ళీ రాసేవారు. నొప్పి లేదని చెప్పమని ఆయన ఆ తర్వాత ఎన్నడూ అనలేదు. మూడు నెలలు ఏ మార్పూ లేదు. మానేద్దామని రెండుసార్లు అనుకున్నాను. నాలుగో నెలలో చీర కొంగు చేతి మీద ఉన్న సంగతి గమనించకుండా కూర వండాను! వండాక గమనించాను.

ఆ ఏడు, ఏడవ తరగతి కామన్ పరీక్షల ముందు, నా చేత్తో బోర్డు మీద ఒక లెక్క మొత్తం చేశాను. అక్షరాలు వంకరగా వచ్చాయి. పిల్లలు మామూలుగా నోట్సులో దించుకున్నారు, ఎవరూ ఏమీ అనలేదు. అది నాకు పండుగ.

నొప్పి పోలేదు. వాన రోజుల్లో ఎక్కువవుతుంది, బట్టలు పిండలేను, క్లినిక్‌కు ఇప్పటికీ రెండు నెలలకొకసారి వెళ్తాను. సగం కంటే ఎక్కువ తగ్గింది, అంతే. దేవుడు ఆ డాక్టరమ్మ చేతులతో చేశాడా, పద్మ నోటితో చేశాడా, మా ఆయన చేతిలో దూదితో చేశాడా అంటే విడదీసి చెప్పలేను. ఆ నాలుగు నెలలూ నేను ఇంట్లోనూ అయ్యగారి దగ్గరా నిజం చెబుతూ బతికాను, చెబుతూ ప్రార్థించాను, దేవుడు విన్నాడు. మహిమ ఆయనకే.

సహోదరులారా, ఈ రోజు మీలో ఎవరైనా తగ్గని నొప్పితో కూర్చుని ఉంటే, ఆ నొప్పితోనే ప్రభువును నమ్మండి, వైద్యం ఉంటే వెళ్ళండి. ఆరాధన అయ్యాక నేను ఆ కిటికీ పక్క బల్ల మీద కూర్చుంటాను. వచ్చి కూర్చోండి. తగ్గిందా అని మిమ్మల్ని అడగను. ఎలా ఉంది అని అడుగుతాను.