తమ్ముడికి పోసిన ఆటలమ్మ

మొన్న చిలకలూరిపేటలో బస్సు దిగి నడుస్తుంటే ఒక ఇంటి గుమ్మానికి కట్టిన వేపమండలు కనిపించాయి. ఆ చేదు వాసన తగలగానే తమ్ముడి మీద నా పాత కుళ్ళు మళ్ళీ లేచింది.

మిరపకాయలు ఎండే రోజుల్లో వాడికి ఆటలమ్మ పోసింది. మంచం తెచ్చి కొత్త కలర్ టీవీ ముందు వేసి, దాని మీద వేపాకు పరిచారు. వాడి కోసం ఇంట్లో పోపు మానేశారు. కల్లం నుంచి వచ్చిన నాన్న, మిరప ఘాటు వాడికి తగలకూడదని వీధి అరుగు మీదే అన్నం తినేవాడు. నన్ను పొద్దస్తమానం తిట్టే నాయనమ్మ వాడికి చేతులు జోడించి, "చల్లగా చూడు తల్లీ" అనేది.

నాకూ పొయ్యాలని, ఎవరూ చూడనప్పుడు వాడి పక్కన దూరి పడుకునేదాన్ని. వాడు వదిలేసిన కొబ్బరినీళ్ళు తాగాను. రోజూ లేవగానే గౌను ఎత్తి పొట్ట చూసుకుంటే ఒక్క పొక్కూ లేదు. అమ్మవారికి కూడా వాడే ముద్దని ఏడ్చాను.

"నీకు చంటిపిల్లప్పుడే పోసిందే. ఒకసారి పోసిన ఒంటికి మళ్ళీ పొయ్యదు," అంది నాయనమ్మ.

ఒకసారి ఓడించిన క్రిమిని రక్తకణాలు మరచిపోవని, మళ్ళీ వస్తే పోల్చుకుని పట్టేస్తాయని పెద్దయ్యాక చదువుకున్నాను. వాడి పక్కన పడుకున్నప్పుడు నా ఒంట్లో జరిగింది అదే. అంటే నా కోసమూ ఒకప్పుడు ఇంట్లో పోపు ఆగింది. నాయనమ్మ నాకూ దణ్ణం పెట్టే ఉంటుంది. నా ఒళ్ళు ఆ జబ్బును పదిలంగా గుర్తుపెట్టుకుంది గానీ, ఆ దణ్ణం మాత్రం నాకు గుర్తులేదు.