అంగుళానికి ఎనిమిది కుట్లు

మూడేళ్ళ కిందట, ఉగాది పోయిన మరుసటి సోమవారం, కర్నూలు దగ్గర డ్రోన్లు తయారుచేసే కర్మాగారంలో నన్ను పారాచూట్లు కుట్టే విభాగానికి వేశారు. అంతకుముందు కోడుమూరులో పాతికేళ్ళు శనక్కాయల గోనెసంచులు కుట్టినదాన్ని. చదివింది మూడో తరగతి.

ఇప్పుడు శత్రువు పెద్ద విమానాలతోనే రాడు, చిన్న డ్రోన్లను గుంపుగా వదులుతాడు. వాటిని కూల్చడం వైమానిక దళం కొత్తగా సాధన చేయాలి. ఆ సాధనలో గురిగా ఎగిరేవే మా డ్రోన్లు. దెబ్బ తగలనిది పారాచూట్‌తో దిగితే మళ్ళీ వాడుకోవచ్చని చెప్పారు. ఆ మాట నాకు నచ్చింది.

అయితే మా పారాచూట్ రెండు పరీక్షల్లోనూ గాలిలోనే చినిగింది. మూడో పరీక్ష వింగ్ కమాండర్ ఎదుట. సైన్యంలో అది లెఫ్టినెంట్ కల్నల్‌కు సమానమైన హోదా. అదీ పోతే ఆర్డరు పోతుంది, మా పన్నెండుమంది ఆడవాళ్ళ పనీ పోతుంది.

ఇంజనీరు శ్రీధర్‌ది రాజంపేట. మిలిటరీ సరుకు గట్టిగా ఉండాలని అంగుళానికి పదహారు కుట్లు వేయించాడు. రెండోసారీ చినిగాక ఇరవై వేయమన్నాడు. చినిగిన గుడ్డను నేను తిప్పి చూశాను. దారం తెగలేదు, సూది పడిన వరుసే చీలింది.

"కుట్లు సగం చేయప్పా. ఇన్ని బొక్కలు పొడిస్తే గుడ్డ యాడ నిలుస్తాది?" అన్నాను.

"ఏమవ్వా, దారంలో కూడా పొదుపేనా? ఇది శనక్కాయల గోనె కాదు."

"గోనె ఇట్ల చినిగింటే షావుకారు నన్ను ఆ పొద్దే ఇంటికి పంపుతాండె."

సరుకు నాణ్యత చూసే ఇన్‌స్పెక్టర్ సంతకం లేకుండా కుట్టు మార్చకూడదు. అందుకని అదే గుడ్డతో రెండు పట్టీలు చేసి, నడిమికి కోసి, ఒకదాన్ని ఇరవై కుట్లతో, ఇంకొకదాన్ని ఎనిమిదితో అతికాను. భోజనం వేళ రెంటినీ దూలానికి కట్టి ఇన్‌స్పెక్టర్‌ను పిలిచాను. రెంటికీ ఒక్కొక్క ఇసుక బస్తా వేలాడదీస్తూ పోయాం. మూడో బస్తాకే ఇరవై కుట్లది సూది పడిన వరుస వెంబడి చీలింది. ఎనిమిది కుట్లది ఐదో బస్తాకూ కదలలేదు.

శ్రీధర్ వంగి చీలిక చూశాడు. "శానా సిగ్గుగా ఉండాదవ్వా," అన్నాడు.

"సిగ్గు తర్వాత పడుదువులే. ముందు డ్రాయింగు కాగితం మార్చు."

ఎనిమిది కుట్లకు ఇన్‌స్పెక్టర్ సంతకం పెట్టాడు. పరీక్ష రోజు ఇంజన్ ఆపగానే పారాచూట్ నిండుగా విచ్చుకుంది. కోత అయిపోయిన శనగ చేలో డ్రోన్ మెల్లగా దిగింది. నేను అతుకులన్నీ వేలితో తడిమాను, ఒక్క పోగూ జారలేదు. వింగ్ కమాండర్ ఆ డ్రోన్‌నే సాయంత్రం మళ్ళీ ఎగరేయమన్నారు. ఎగిరింది, దిగింది. ఆర్డరు మాకే వచ్చింది.

ఎక్కువ వేసినంత మాత్రాన గట్టిపడదు. ఎంత కొత్త సరుకైనా ముందు ముక్క గుడ్డ మీద కుట్టి, బరువు కట్టి చూడాలి. నిరుడు నేను పని మానేసేదాకా, మా కుట్టు బల్ల మీదికి రాకుండా ఏ డ్రాయింగూ సంతకానికి పోలేదు.