సముద్రం మీద టెంకాయ

తిరుమణి గ్రామస్థులకూ చుట్టుపక్కల ఊళ్లవాళ్లకూ ఇందుమూలంగా తెలియజేయడమేమనగా: పాలు పోసేవాడు ఇకమీదట నిర్భయంగా పోయవచ్చు, క్యానులో వేలు ముంచి చూసేవారు లేరు. టీ అంగడివాడు నిన్నటి వడను ఇవాళ్టి వడ అని అమ్ముకోవచ్చు, విరిచి వాసన చూసేవారు లేరు. పావగడ బస్సు డ్రైవరు తనకు తోచిన దారిన పోవచ్చు, "ఈ దావన యాడికి తీసకపోతాండావప్పా?" అని లేచి నిలబడేవారు లేరు. మా మేనమామ పోయాడు.

మొన్న సోమవారం తెల్లారేసరికి పోయాడు. ఆస్పత్రిలో డాక్టరమ్మ చెప్పిన జబ్బును చివరిదాకా నమ్మలేదు. "నా గుండె ఆ యమ్మకు యాడ కనపడిందంట?" అని అడుగుతూనే ఉన్నాడు. నమ్మకపోతే రోగం సిగ్గుపడి వెళ్లిపోతుందనుకున్నాడేమో. వెళ్లలేదు.

మామ మా తాలూకాలో నీళ్లు చూసేవాడు. టెంకాయను అరచేతిలో అడ్డంగా పడుకోబెట్టుకుని, చెప్పులు విడిచి చేనంతా నడిచేవాడు. నేల కింద నీళ్లున్న చోట కాయ దానంతటదే లేచి నిలబడుతుందని నమ్మకం. నిలబడిన చోట సున్నం గుర్తు పెడితే బోరు బండి వచ్చేది. లోకంలో దేన్నీ నమ్మని మనిషి ఆ కాయను నమ్మాడు. నేను ఆయన్ను నమ్మలేదు. ఒకసారి ఆయన నడవబోయే చేనులో కడవ నిండా నీళ్లు పోసి, మూతపెట్టి పాతిపెట్టాను. మామ దాని మీదుగా అటూ ఇటూ నడిచాడు. కాయ కదల్లేదు. నేను చప్పట్లు కొట్టి కడవను తవ్వి తీశాను.

ఆయన నిదానంగా చూసి, "కడవలో నీళ్లకు లేచేదైతే మీ యత్త వంటింట్లో ఎప్పుడూ నిలబడుకోనే ఉండల్ల గదరా" అన్నాడు. చేను గలాయన పగలబడి నవ్వాడు. నేను కడవ మోసుకుని ఇంటికొచ్చాను.

తర్వాత కాలం అడ్డం తిరిగింది. బోర్లలో నీళ్లకు బదులు తెల్లటి పొడి లేవసాగింది. మామతో గోలీలాడిన పక్కచేను పెద్దాయన, మామ గుర్తు పెట్టిన చోటల్లా తవ్వించాడు. వేరుశెనగ నిలువునా ఎండింది. ఆఖరి బోరులోనూ పొడి లేచిన రోజు ఆయన కేకలు వేయలేదు. తల నిండా పొడితో మామ దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు.

"నిజం చెప్పప్పా. కాయ లేచిందా, నువ్వే చెయ్యి ఒంచినావా?"

ఆ రోజునుంచి మామ టెంకాయ పట్టలేదు. సోలారు కంపెనీలొచ్చి, చేన్లు గుత్తకు పోయి, వాటి మీద ప్యానెళ్లు పరుచుకున్నాక ఇక పట్టాల్సిన పనీ లేకపోయింది. కానీ ఆయన అనుమానం మాత్రం ముదిరింది. అది లోకం మీద అనుమానమని మేమంతా అనుకున్నాం.

ఓడెక్కాలన్నది మామ చిన్నకోడలి ఆలోచన. అంతస్తుల మీద అంతస్తులున్న ఓడను ఫోనులో చూసి, "ఎన్నిసార్లని తిరుపతికే పోతాము?" అంది. కొడుకులూ కూతుళ్లూ అల్లుళ్లూ పిల్లలూ, ఆఖరికి వియ్యంకులు కూడా సంచులు సర్దారు. మామ ఒక్కడే గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"ఇంతమందికి నామీద ఒక్కసారే ప్రేమ పుట్టిందేందిరా? నడి సముద్రంలో దించేసి వస్తారా యేంది?"

"దించితే నీళ్లన్నా దొరుకుతాయిలే మామా" అన్నాను నేను, నోరు ఊరుకోక.

ఆయన నావైపు అదోలా చూశాడు. మరునాడు, "నేనూ వస్తా" అన్నాడు. నాకు అప్పుడే అనుమానం రావలసింది.

చెన్నైలో బస్సు మలుపు తిరగ్గానే ఎండకు తళతళలాడుతూ సముద్రం కనబడింది. మామ కిటికీ కడ్డీ పట్టుకుని, "ఎవడప్పా ఇంత పెద్ద సోలారు ప్లాంటు వేసినాడు?" అన్నాడు. బస్సంతా నవ్వింది. చెప్పకేం, ఒక్క క్షణం నాకూ అట్లే అనిపించింది.

ఓడ దగ్గర తనిఖీలో ఆయన సంచిలోంచి తువ్వాలలో చుట్టిన టెంకాయ బయటపడింది. తనిఖీవాడు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. "పూజకు సామీ" అంది అత్త. మామకు కోపం రాలేదు. "వీడొక్కడే సరైనోడు. అందరినీ ఇట్లే చూడల్ల" అని మెచ్చుకున్నాడు.

ఎక్కగానే అందరికీ నారింజరంగు జాకెట్లు తొడిగి, ఓడ మునిగితే ఏం చేయాలో నేర్పించారు. "చూసినావా, ముందే చెప్తాండారు" అన్నాడు మామ. రూములో మంచం మీద తువ్వాలతో ఏనుగు చేసి పెట్టారు. లోపల ఏముందోనని దాన్ని పూర్తిగా విప్పేశాడు. భోజనాల హాల్లో వరసగా పెట్టిన పళ్లేలను చూసి, "ఊరికే పెట్టేవాడు ఊరికే పెట్టడు" అని మజ్జిగన్నంతో సరిపెట్టుకున్నాడు. పై అంతస్తులో ఈతకొలను చూసినప్పుడు మాత్రం వంగి నీళ్లలో వేలు ముంచి చూశాడు. "నీళ్ల మీద ఓడ, ఓడ మీద మళ్లీ నీళ్లు. మనకేమో ట్యాంకరు" అన్నాడు.

మరునాడు వెలుగు రాకముందే నన్ను తట్టి లేపాడు. చంకలో తువ్వాల మూట.

"పైకి రా. నువ్వొక్కడివే రా."

"నేనే ఎందుకు మామా? కొడుకులు లేరా?"

"వాళ్లకు నామీద ప్రేమ. నువ్వు దొంగనాయాలివి. నేను చెయ్యి ఒంచితే దొంగ కంటికే కనపడతాది."

నా నిద్ర అక్కడే వదిలింది. పాలవాణ్ణీ బస్సు డ్రైవరునీ డాక్టరునీ అనుమానించిన మనిషి, ఇన్నేళ్లూ నిజంగా అనుమానించింది తన కుడిచేతిని. కింద నీళ్లున్నాయని ఎవరూ కాదనలేని చోటు కావాలి ఆయనకు. అందుకే ఓడెక్కాడు.

పైన గాలి తప్ప ఎవరూ లేరు. మామ చెప్పులు విడిచాడు. కాయను అరచేతిలో పడుకోబెట్టాడు. నాలుగడుగులు నడిచాడు. నేను ఆయన మణికట్టు మీదనుంచి కన్ను తీయలేదు. చెయ్యి కదల్లేదు. కాయ కదిలింది. నిద్రలేచే పిల్లాడిలా ఒక పక్కకు ఒత్తిగిలి, మెల్లగా లేచి నిట్టనిలువుగా నిలబడింది.

టిఫిను దగ్గర ఈ సంగతి అందరికీ చెప్పాను. అత్త కళ్లొత్తుకుంది. చిన్నకోడలు ఈల వేసింది. మామ నావైపు ఒక్కసారి చూసి, ఇడ్లీ తుంచుకున్నాడు. ఒక్క ప్రశ్న కూడా అడగకుండా ఆయన మింగిన మాట నాకు తెలిసి అదొక్కటే.

ఊళ్లో ఆ కథ పాకిపోయింది. మొన్న శవం దగ్గరికి పక్కచేను పెద్దాయన కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. మామ కుడిచేతిని తన చేతిలోకి తీసుకుని, ముడుచుకున్న వేళ్లను ఒక్కొక్కటే సాపు చేశాడు. "సముద్రం మీద నిలబడిందంట గదప్పా. నేను అడగరాని మాట అడిగినా" అన్నాడు. అందరూ ఏడ్చారు. నేను బయటికి వచ్చేశాను.

ఇక్కడితో ఆపేస్తే అందంగానే ఉంటుంది. కానీ మామ ఉంటే ఈ కాగితాన్ని వెలుతురుకు ఎత్తిపట్టి, "ఇందులో ఏందో కలిపినావురా" అనేవాడు.

కలిపాను. కాయ నిలబడిందన్నది నేను పుట్టించిన మాట. పడిపోయిందనీ కాదు. మామ దాన్ని అరచేతిలో పెట్టనే లేదు. చెప్పులు విడిచి, తువ్వాల విప్పి, కాయను బయటికి తీసి, సముద్రాన్ని చూస్తూ ఉండిపోయాడు. "కానియ్ మామా" అన్నాను.

"ఇప్పుడు నిలబడితే మాత్రం ఆయప్ప చేను తడుస్తాదా?" అన్నాడు.

పెద్దాయనా, నామీద నీకు కోపం రావచ్చు. కానీ నువ్వు సాపు చేసిన ఆ చెయ్యి అంత నీటి మీద కూడా నీ చేనునే తలుచుకుంది. అది నీకు తెలియాలి.

ఓడ మీద అప్పటికి వెలుగొచ్చింది. ఎటు చూసినా నీళ్లే. మామ కాయను, అది లేస్తుందో లేవదో తేలనివ్వనన్నట్టు, రెండు చేతులా పొట్టకు అదిమి పట్టుకుని, తడి చెక్కల మీద ఉత్త కాళ్లతో, సముద్రం మీదనుంచి చూపు తిప్పకుండా ఒక్కో అడుగే వెనక్కి వేస్తున్నాడు.